ఇంట్లో ఐరిష్ కాఫీ: తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం వచ్చిందంటే బంధువుల నుంచి, స్నేహితుల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఒకే ఫిర్యాదు: "క్రీమ్ మునిగిపోయింది." ఆ తరువాత అడిగేవీ దాదాపు అవే ప్రశ్నలు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక తగ్గి, అన్నింటినీ ఒక చోట రాసిపెట్టాను. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఏ జవాబు ఆ జవాబుగానే పూర్తిగా ఉంటుంది. ఇది మద్యం కలిసిన పానీయం కాబట్టి చట్టం ఒప్పుకునే వయసు వచ్చినవారికి మాత్రమే. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ వయసు 21 ఏళ్లు.

## మొదలుపెట్టే ముందు

కాఫీలో విస్కీ పోస్తే ఐరిష్ కాఫీ అయిపోయినట్టేనా?

కాదు. పాలు లేని వేడి కాఫీ, ఐరిష్ విస్కీ, పంచదార, పైన చల్లని క్రీమ్, ఈ నాలుగూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా క్రీమ్ కాఫీలో కలవకూడదు. గ్లాసు పైభాగంలో వేలి మందాన తెల్లగా నిలబడాలి. పెదవికి ముందు చల్లని క్రీమ్ తగిలి, దాని అడుగు నుంచి వేడి కాఫీ జారి రావాలి. ఆ రెండూ ఒకే గుటకలో నోట్లో పడటంలోనే దీని రుచంతా ఉంది. ఐర్లండ్ జాతీయ ప్రమాణాల సంస్థ 1988లో ఐ.ఎస్. 417 అనే సంఖ్యతో దీనికి ఒక ప్రమాణాన్నే ప్రచురించింది. సిమెంటుకు, కరెంటు తీగలకు ఉన్నట్టు ఒక గ్లాసెడు కాఫీకి ప్రమాణపత్రం ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది.

దీన్ని ఎవరు కనిపెట్టారు?

ఐర్లండ్‌లో షానన్ నది సముద్రంలో కలిసే చోట ఫోయిన్స్ అనే చిన్న ఊరు ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అట్లాంటిక్ దాటే విమానాలు, నీటి మీద దిగే రకం, అక్కడ ఆగేవి. 1943 చలికాలంలో ఒక రాత్రి బయలుదేరిన విమానం వాతావరణం అనుకూలించక తిరిగి వచ్చిందనీ, వణుకుతూ దిగిన ప్రయాణికులకు అక్కడి వంటగది బాధ్యుడు జో షెరిడన్ కాఫీలో విస్కీ పోసి ఇచ్చాడనీ చెబుతారు. "ఇది బ్రెజిల్ కాఫీయా?" అని ఒకరు అడిగితే "కాదు, ఐరిష్ కాఫీ" అన్నాడట.

దాని పేరు అమెరికాలో మోగింది శాన్ ఫ్రాన్సిస్కో నగరంలోని బ్యూనా విస్టా కేఫ్ వల్ల. 1952 నవంబరు 10 రాత్రి ఆ కేఫ్ యజమాని జాక్ కెప్లర్, యాత్రా కథనాలు రాసే పాత్రికేయుడు స్టాంటన్ డెలాప్లేన్ కలిసి, ఐర్లండ్‌లో తాగిన రుచిని తిరిగి తేవాలని కూర్చున్నారు. రుచి కుదిరింది కానీ క్రీమ్ మాత్రం మునిగిపోతూనే ఉంది. చివరికి పాల వ్యాపారి, తరువాత ఆ నగరానికి మేయరు అయిన జార్జ్ క్రిస్టఫర్ సాయం చేశాడని, క్రీమ్‌ను 48 గంటలు నిలవ ఉంచి కొద్దిగా నురుగెత్తేలా గిలకొడితే తేలిందని ఆ కేఫ్ వారు చెప్పుకుంటారు. కాబట్టి మొదటిసారి మీ క్రీమ్ మునిగితే సిగ్గుపడనవసరం లేదు.

వైట్ రష్యన్ అన్నా ఇదేనా?

వేరు. అది చల్లని పానీయం: వోడ్కా, కాఫీ లిక్యూర్ (కాఫీ రుచి గల తియ్యటి మద్యం), క్రీమ్, ఐసు ముక్కలు. అందులో కాచిన కాఫీ ఉండదు.

దీనికోసం ప్రత్యేకంగా ఏ సామాను కొనాలి?

దాదాపు ఏమీ అక్కర్లేదు. వేడికి తట్టుకునే 220 నుంచి 240 మి.లీ. గాజు గ్లాసు, ఒక చెంచా, క్రీమ్ గిలకొట్టడానికి తీగల విస్క్ చాలు. విస్క్ లేకపోతే మజ్జిగ చిలికే చిన్న కవ్వం చక్కగా పనిచేస్తుంది. స్టీలు గ్లాసు మాత్రం వద్దు; పెదవి కాలుతుంది, నలుపు మీద తెలుపు నిలిచిన అందమూ కనబడదు.

## విస్కీ, తీపి

ఐరిష్ విస్కీయే కావాలా? ఇంట్లో ఉన్న విస్కీ పోస్తే ఏమవుతుంది?

ఏమీ కాదు, కానీ రుచి మారుతుంది. ఐరిష్ విస్కీ కనీసం మూడేళ్లు చెక్క పీపాల్లో నిలవ ఉండాలన్నది అక్కడి చట్టం. చాలా రకాలను మూడుసార్లు స్వేదనం చేసి (ఆవిరి పట్టి దించి) నునుపు చేస్తారు. ఆ మెత్తదనం వల్లే అది కాఫీ చేదుతో గొడవ పడదు. మన నగరాల్లో జేమ్‌సన్ సులభంగా దొరుకుతుంది. బ్యూనా విస్టా వారు ఎన్నో ఏళ్లుగా టలమోర్ డ్యూ వాడుతున్నారు.

పొగ వాసన గట్టిగా ఉండే స్కాచ్ వద్దు. కాఫీలో ఆ పొగ మాడిన గింజల వాసనలా తోస్తుంది. మన దేశంలో తక్కువ ధరకు దొరికే విస్కీల్లో చాలావాటికి మూలం ధాన్యం కాదు, చక్కెర ఫ్యాక్టరీ మడ్డి నుంచి తీసిన స్పిరిట్. వేడి కాఫీలో పడగానే ఆ ఘాటు నేరుగా ముక్కుకు ఎక్కుతుంది. అలాగని ఖరీదైన సీసా తెరవడమూ దండగే. సూక్ష్మమైన పరిమళాలన్నీ కాఫీ కింద అణగిపోతాయి. మధ్యరకం సరిపోతుంది.

రమ్ము గానీ బ్రాందీ గానీ వాడవచ్చా?

వాడవచ్చు, బాగుంటుంది, కాకపోతే దాన్ని ఐరిష్ కాఫీ అనకండి. నా మట్టుకు నల్ల రమ్ము, తాటిబెల్లం, చిక్కటి డికాషన్ కలిసినప్పుడు అసలుదానికి ఏమాత్రం తీసిపోదు. బ్రాందీ వేస్తే తీపి ఒక అర చెంచా తగ్గించండి.

బెయిలీస్ సీసా ఉంది. క్రీమ్ బదులు అది పోస్తే సరిపోతుందా?

సరిపోదు. బెయిలీస్‌లో క్రీమ్, విస్కీ, చక్కెర ముందే కలిసి ఉంటాయి. మద్యం 17 శాతం. అది పైన తేలదు, కాఫీలో కలిసిపోయి పాల కాఫీలా అవుతుంది. తాగడానికి తియ్యగా బాగానే ఉంటుంది, అది వేరే పానీయం.

బ్రౌన్ షుగర్ లేదు. మామూలు పంచదారా, బెల్లమా?

రెండూ పనికొస్తాయి. పంచదార వేస్తే తీపి మాత్రమే వస్తుంది. బ్రౌన్ షుగర్‌లో మడ్డి ఛాయ కొంత ఉంటుంది కనుక విస్కీతో స్నేహం కుదురుతుంది. బెల్లంలో ఆ ఛాయ ఇంకా ఎక్కువ. తురిమి, కొద్దిపాటి వేడినీళ్లలో కరిగించి, వడకట్టి వేయండి. లేకపోతే చివరి గుటకలో ఇసుక తగులుతుంది. బెల్లం వేడి పాలను విరగ్గొడుతుందన్న భయం ఇక్కడ పెద్దగా లేదు, ఎందుకంటే క్రీమ్ చల్లగా పైనే ఉంటుంది.

నేను చక్కెర తినను. పూర్తిగా మానేయవచ్చా?

మానేయవచ్చు కానీ క్రీమ్ నిలబెట్టడం కష్టమవుతుంది. కరిగిన చక్కెర కాఫీని బరువెక్కిస్తుంది. విస్కీ దాన్ని తేలిక చేస్తుంది. చక్కెర తీసేస్తే విస్కీదే పైచేయి అయి, క్రీమ్ కిందికి జారుతుంది. తీపి మాత్రలు రుచి ఇస్తాయే తప్ప ఆ బరువు ఇవ్వవు. అందుకని చక్కెర లేనప్పుడు క్రీమ్‌ను మరికొంత గట్టిగా గిలకొట్టి, చెంచాతో తీసి పైన పెట్టాలి. మధుమేహం ఉన్నవారు మద్యం సంగతి కూడా డాక్టరునే అడగాలి. చక్కెర ఒక్కటే లెక్క కాదు.

## కాఫీ

మన ఫిల్టర్ డికాషన్ పనికొస్తుందా? చికోరీ ఉన్నా ఫరవాలేదా?

భేషుగ్గా పనికొస్తుంది. అయితే మన డికాషన్ పాలను తట్టుకోవడానికి తీసేది, కాబట్టి నేరుగా పోస్తే చేదు విషమే. 60 మి.లీ. డికాషన్‌కు 60 మి.లీ. వేడినీళ్లు కలపండి. మూడు పెద్ద చెంచాల పొడికి 150 మి.లీ. మరిగిన నీళ్లు పోసి తీసిన మొదటి డికాషనే వాడండి. రెండోసారి తీసినది నీళ్ల ముందు నిలవదు.

చికోరీ విషయంలో మనసులు రెండుగా చీలిపోతాయి. మన దేశపు నిబంధనల ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే చికోరీ 49 శాతం దాకా ఉండవచ్చు. పొట్లం మీద చూసుకోండి. 20 శాతం లోపు ఉంటే చిక్కదనం పెరిగి మేలే చేస్తుంది. సగానికి సగం ఉంటే పాలు లేనప్పుడు మట్టివాసన బయటపడుతుంది. అరకు అరబికా దొరికితే, ఓ మోస్తరు ముదురుగా వేయించినది తీసుకోండి. లేతగా వేయించిన గింజల పులుపు విస్కీకి నప్పదు.

ఇన్‌స్టంట్ కాఫీతో చేస్తే పరువు పోతుందా?

పోదు. 120 మి.లీ. వేడినీళ్లకు రెండు చిన్న చెంచాలు వేయండి. మామూలుగా తాగేదానికంటే గట్టిగా ఉండాలి.

పాలు పోస్తే ఇంకా కమ్మగా ఉండదా?

ఉండదు. కమ్మదనం పైనున్న క్రీమ్ ఇస్తుంది. కింద కూడా పాలే ఉంటే రెండింటికీ తేడా తెలియక, చేదు-కమ్మదనం ఆట పోతుంది. మా ఇంట్లో పెద్దవాళ్లకు బ్లాక్ కాఫీ అంటే జ్వరం వచ్చినప్పటి కషాయంతో సమానం. వాళ్లు కూడా క్రీమ్ కింద నుంచి తాగితే మారుమాట లేకుండా ఒప్పుకున్నారు.

కాఫీ ఎంత వేడిగా ఉండాలి? విస్కీ పోశాక పొయ్యి మీద పెట్టవచ్చా?

పొగలు కక్కుతూ ఉండాలి, మరుగుతూ ఉండకూడదు. 80 డిగ్రీల దరిదాపు. విస్కీ పోశాక పొయ్యి జోలికి పోవద్దు. మద్యసారం 78 డిగ్రీలకే మరుగుతుంది, మంట తగిలితే దాని ఆవిరి అంటుకుంటుంది కూడా. డికాషన్ దిగేలోపు చల్లారిపోతుంది కాబట్టి, ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి వెచ్చచేయండి. నేరుగా మరిగిస్తే చేదు ఎక్కుతుంది.

## క్రీమ్

దుకాణంలో ఏ క్రీమ్ అడగాలి?

విప్పింగ్ క్రీమ్ అని అడగండి, డబ్బా మీద పాల కొవ్వు 30 శాతమో అంతకంటే ఎక్కువో ఉందా అని చూడండి. తికమక అంతా ఇక్కడే. కూరల్లో వేసే ఫ్రెష్ క్రీమ్ డబ్బాలో కొవ్వు సాధారణంగా 25 శాతం. దాన్ని సాయంత్రం దాకా గిలకొట్టినా గాలిని పట్టి ఉంచలేదు. గాలి బుడగల చుట్టూ కొవ్వు కణాలు గోడ కట్టాలంటే కొవ్వు ఆ మాత్రం ఉండాలి.

అమెరికాలో ఉన్నవారు హెవీ క్రీమ్ తీసుకోవాలి, అందులో కొవ్వు కనీసం 36 శాతం. బ్రిటన్‌లో డబుల్ క్రీమ్ 48 శాతం. అది క్షణాల్లో గట్టిపడుతుంది కాబట్టి రెండు చెంచాల పాలు కలిపి పలుచన చేసుకోవాలి. అక్కడి సింగిల్ క్రీమ్ 18 శాతమే, దండగ.

ఇంట్లో పాల మీద కట్టిన మీగడ వాడకూడదా?

ప్రయత్నించి చూసిన అనుభవంతో చెబుతున్నాను, వద్దు. కాచిన పాల మీగడలో తరకలు ఉంటాయి, కొవ్వు అప్పటికే ముద్దకట్టి ఉంటుంది. మిక్సీలో వేస్తే నురుగు కంటే ముందు వెన్న వస్తుంది. వేడి కాఫీ మీద వేస్తే నూనె చుక్కలు తేలుతాయి. రొట్టె మీద రాసుకోవడానికి అది అమృతం, ఇక్కడ పనికిరాదు.

కేకుల సరుకులు అమ్మే చోట దొరికే తియ్యటి విప్ క్రీమ్ ఉంది. అది?

అది చాలావరకు పాల క్రీమ్ కాదు, వనస్పతి నూనెతో చేసినది. కొండలా నిలబడుతుంది, కానీ అంగిటికి మైనంలా అంటుకుంటుంది. అదొక్కటే ఉంటే కాఫీలో చక్కెర సగానికి తగ్గించండి.

ఎంతవరకు గిలకొట్టాలి? ఇదే నాకు అర్థం కావడం లేదు.

ఇడ్లీ పిండి కాకూడదు, దోసె పిండి దగ్గర ఆపాలి. అంతే రహస్యం. పాలలా జారిపోతే మునుగుతుంది. కేకు మీద క్రీమ్‌లా శిఖరాలు లేస్తే ముద్దగా పైన కూర్చుంటుంది, కాఫీ దాని కింద నుంచి రాదు. విస్క్ ఎత్తినప్పుడు క్రీమ్ రిబ్బనులా జారి, పైన ఒక గీత ఏర్పడి, రెండు మూడు సెకన్లలో కలిసిపోవాలి. పెద్ద బుడగలు కనబడకూడదు.

చేతితో చేస్తే నిమిషం, నిమిషంన్నర. ఎలక్ట్రిక్ బీటర్ వద్దంటాను. ఆపాల్సిన క్షణం తెలిసేలోపే దాటిపోతుంది. అన్నిటికంటే సులువు: మూత గట్టిగా పట్టే సీసాలో మూడో వంతు క్రీమ్ పోసి ఊపడం. లోపల తపతప చప్పుడు మందగించిందంటే దాదాపు అయినట్టే, మూత తీసి చూడండి.

చల్లదనం మరవకండి. క్రీమ్, గిన్నె రెండూ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి అయి ఉండాలి. మన ఎండాకాలంలో వంటగదిలో స్టవ్ పక్కన నిలబడి గిలకొడితే కొవ్వు కరిగి ఏమీ లేవదు. గిన్నెను పది నిమిషాలు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, కింద ఐసు నీళ్ల పళ్లెం ఉంచండి.

గిలకొడుతుంటే పలుకులు పలుకులుగా విరిగింది. బాగుచేయవచ్చా?

గరుకు ఇప్పుడే మొదలైతే, రెండు చెంచాల చల్లని క్రీమ్ పోసి చెంచాతో మెల్లగా కలపండి, తిరిగి వస్తుంది. పసుపు ముద్ద ఒకవైపు, నీళ్లు ఒకవైపు అయిపోతే అది వెన్న. మొదటిసారి నేనూ అతిథుల ముందే వెన్న తీశాను. మర్నాడు దాంతో పెసరట్లు వేసుకున్నాం.

క్రీమ్‌లో కూడా పంచదార, వెనిల్లా వేయాలా?

వద్దు. క్రీమ్ తియ్యగా ఉంటే కింది కాఫీతో తేడా చెరిగిపోతుంది.

## పోసేటప్పుడు

కొలతలు, వరుస ఒకేసారి చెప్పండి.

ఒక గ్లాసుకు: విస్కీ 40 మి.లీ. (చిన్న పెగ్గు కంటే కాస్త ఎక్కువ), కాఫీ 120 మి.లీ., బ్రౌన్ షుగర్ రెండు చిన్న చెంచాలు, కొద్దిగా గిలకొట్టిన క్రీమ్ 40 మి.లీ. ముందు గ్లాసు నిండా వేడినీళ్లు పోసి ఒక నిమిషం ఉంచి పారబోయండి. చక్కెర వేసి, కాఫీ పోసి, పూర్తిగా కరిగేదాకా కలపండి. విస్కీ పోసి మరోసారి కలపండి. కాఫీ తిరగడం ఆగేదాకా కాసేపు వదిలేయండి. ఆ తరువాత ఒక చెంచాను వేడినీళ్లలో ముంచి తీసి, బోర్లించి, కాఫీ ఉపరితలానికి ఆనీ ఆనకుండా పట్టుకుని, దాని వీపు మీదుగా క్రీమ్ మెల్లగా వదలండి. పైన దాల్చినచెక్క, చాక్లెట్ పొడి చల్లే అలవాటు ఉంది. నాకు నచ్చదు.

అన్నీ సరిగ్గానే చేశాను, అయినా క్రీమ్ మునిగిపోయింది. ఎందుకు?

నాలుగు కారణాలు చూడండి. క్రీమ్ ఇంకా పలుచగా ఉందేమో. చక్కెర అడుగున కరగకుండా మిగిలిందేమో. కలిపిన కాఫీ ఇంకా సుడి తిరుగుతుండగానే పోశారేమో. చెయ్యి ఎత్తి పై నుంచి పోశారేమో. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ మొదటిదే. మునిగిన గ్లాసును పారబోయకండి, కలిపి తాగేయండి; మిగిలిన క్రీమ్‌ను ఇంకో పది తిప్పులు తిప్పి రెండో గ్లాసు మొదలుపెట్టండి.

గ్లాసు పగిలింది! మళ్లీ అలా కాకుండా ఏం చేయాలి?

చల్లని మందపాటి గాజులో ఒక్కసారిగా వేడి పడితే లోపలి పొర ముందు వ్యాకోచిస్తుంది, బయటి పొర అలాగే ఉంటుంది, అందుకే చిట్లుతుంది. ముందు గోరువెచ్చని నీళ్లు, తరువాత వేడినీళ్లు పోసి గ్లాసును అలవాటు చేయండి. గ్రానైటు బండ మీద కాకుండా మడిచిన గుడ్డ మీద పెట్టండి. నా గ్లాసు ఒకటి ఆ బండ చల్లదనానికే పోయింది.

## తాగేటప్పుడు, ఆ తరువాత

చెంచాతో కలుపుకుని తాగాలా? స్ట్రా ఇవ్వాలా?

రెండూ వద్దు. క్రీమ్ గుండా నేరుగా తాగాలి. మీసం తెల్లబడుతుంది, తుడుచుకోవచ్చు.

కాఫీ ఉంది కాబట్టి మత్తు ఎక్కదంటారు. నిజమేనా?

నిజం కాదు, ప్రమాదకరమైన అపోహ. కాఫీ నిద్రమత్తును దాచిపెడుతుంది కానీ రక్తంలోని మద్యాన్ని తగ్గించదు. తాను బాగానే ఉన్నానని అనిపించడం వల్ల మనిషి ఇంకో గ్లాసు అడుగుతాడు. 40 శాతం విస్కీ 40 మి.లీ. అంటే శుద్ధ మద్యసారం 16 మి.లీ., సుమారు 12.6 గ్రాములు. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే నేరం. ఒక్క గ్లాసు తాగినా బండి తాళాలు ఇంకొకరికి ఇవ్వండి. గర్భిణులు, నిద్రమాత్రలు వేసుకునేవారు, మెట్రోనిడజోల్ వంటి మందులు వాడుతున్నవారు దీని జోలికి పోకూడదు.

భోజనం తరువాత రాత్రి పదింటికి తాగితే నిద్ర పడుతుందా?

చాలామందికి పట్టదు. కాఫీలోని కెఫీన్ శరీరంలో సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. కెఫీన్ తీసేసిన కాఫీ పొడితో చేస్తే ఆ బాధ తగ్గుతుంది, రుచిలో పెద్ద తేడా ఉండదు.

పది మంది వస్తున్నారు. ఒక్కొక్కటే చేస్తూ కూర్చోవాలా?

అక్కర్లేదు. 600 మి.లీ. డికాషన్, 600 మి.లీ. వేడినీళ్లు, 20 చిన్న చెంచాల చక్కెర కలిపి ఫ్లాస్కులో పోసి ఉంచండి. 400 మి.లీ. క్రీమ్ గంట ముందే గిలకొట్టి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. వాడే ముందు రెండు తిప్పులు తిప్పితే చాలు. విస్కీ మాత్రం ఫ్లాస్కులో కలపవద్దు, గ్లాసు గ్లాసుకూ కొలిచి పోయండి. తాగనివారికి అదే ఫ్లాస్కులోంచి విస్కీ లేకుండా ఇవ్వవచ్చు. విస్కీ లేని కాఫీ బరువుగా ఉంటుంది కాబట్టి దాని మీద క్రీమ్ ఇంకా సులువుగా తేలుతుంది. గ్లాసులు తారుమారు కాకుండా రెండు రకాల గ్లాసులు పెట్టుకోండి. ఒకసారి మా ఇంట్లో తారుమారైంది, ఎవరిదో చెప్పను.

మే నెలలో ఈ వేడి పానీయం ఎవరు తాగుతారు? చల్లగా చేయవచ్చా?

చేయవచ్చు. కాఫీ వేడిగా ఉండగానే చక్కెర కరిగించి, పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టండి. విస్కీ, ఐసు ముక్కలతో సీసాలో ఊపి, ఐసు రాకుండా గ్లాసులోకి వడకట్టి, పైన క్రీమ్ వదలండి. చల్లని ద్రవం బరువెక్కువ కాబట్టి క్రీమ్ దాదాపు దానంతట అదే నిలబడుతుంది. వేడి-చలువ ఆట మాత్రం ఇందులో ఉండదు.

తెరిచిన క్రీమ్ డబ్బా మిగిలిపోయింది. ఏం చేయాలి?

మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, డబ్బా మీద రాసిన రోజుల్లోపు వాడేయండి. సాధారణంగా మూడు రోజుల మాట. డీప్ ఫ్రీజర్‌లో పెడితే మళ్లీ గిలకొట్టడానికి పనికిరాదు, టమాటా సూపులోకి, పన్నీరు కూరలోకి సరిపోతుంది. మామిడిపండ్ల కాలమైతే బంగినపల్లి ముక్కల మీద పోయండి, మూడు రోజులు ఆగనక్కర్లేదు.